ఇటు చూడండి మేడమ్!

మన పెళ్ళిలో సుముహూర్తం అంటే తాళి కట్టే సమయమని చాలామంది అనుకుంటారు. కాదు. శుభలేఖలో గంటలు, నిమిషాలతో సహా అచ్చు వేసేది జీలకర్ర బెల్లం పెట్టే సమయం. ఇద్దరి మధ్యా తెర పట్టుకుంటారు. ఆ నిమిషానికి ఒకరి నెత్తిమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు. తెర తీస్తారు. అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు కళ్ళారా చూసుకోవాలి. పంచాంగాలు తిరగేసి, తారాబలాలు చూసి, సిద్ధాంతిగారు అర్ధరాత్రో తెల్లవారుజామునో ఏరి తెచ్చిన ఘడియ ఆ ఒక్క చూపు కోసమే.

ఆ చూపు ఇప్పుడు ఎటు పోతోంది? "మేడమ్, ఇటు చూడండి! సార్, చెయ్యి తియ్యకండి, అలాగే ఉంచండి! చిన్న స్మైల్!" పెళ్ళికొడుకు పెళ్ళికూతురిని చూడడు, పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని చూడదు. ఇద్దరూ కలిసి ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడి లెన్సులోకి చూసి నవ్వుతారు. అంత కష్టపడి పెట్టించిన ముహూర్తానికి తొలిచూపు ఎవరికి దక్కింది అంటే, కెమెరాకి.

దీనికి ఫోటోగ్రాఫర్‌ని నాలుగు తిట్టి ఊరుకోవడం తేలిక. నేను ఆ పని చెయ్యను. నా గొడవ మనతోనే, పెళ్ళింటి ఆడవాళ్ళతోనే. వంటవాళ్ళకి ఏ పూటకి ఏం వండాలో మనం చెప్తాం. పూలవాడికి దండ ఎంత పొడవుండాలో మనం చెప్తాం. తాంబూలం సంచిలో వక్కలెన్ని వెయ్యాలో, కుంకుమ భరిణె ఏ సైజుదో మనమే తేలుస్తాం. ఫోటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగవాళ్ళు వెళ్ళి రేటు మాట్లాడి, అడ్వాన్సు ఇచ్చేసి వచ్చి "అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అంటారు. మనం తల ఊపుతాం. నిజమే, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పెళ్ళి కూడా వాళ్ళే చూస్తారు. మనకి వాళ్ళ వీపులు కనిపిస్తాయి.

నాకు ఫోటోలంటే పడదనుకునేరు. చాలా ఇష్టం. మా పెళ్ళి 2001లో, ఉక్కునగరంలో, రాత్రి ముహూర్తం. నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగి. బి షిఫ్టు దిగి యూనిఫారంతోనే సరాసరి పందిట్లోకి వచ్చి అక్షింతలు వేసిన నాన్న స్నేహితులు నాకింకా గుర్తే. మొత్తం ఐదు రీళ్ళు. రీలుకి 36 చొప్పున 180 ఫోటోలు. ఫోటోగ్రాఫర్ ఆచితూచి నొక్కేవాడు. దేనికి నొక్కాలో అమ్మ ముందే కూర్చోబెట్టి చెప్పింది. మా అత్తగారు పసుపు కొట్టేటప్పుడు ఒకటి, మా తమ్ముడు పిల్లని గంపలో తెచ్చేటప్పుడు ఒకటి, షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళందరినీ కలిపి ఒకటి. అమ్మ ఎక్కడా ప్లానింగు నేర్చుకోలేదు. రీలు ఖరీదు తెలుసు, అంతే. ఇప్పుడు రీలు లేదు. కార్డులో వేల ఫోటోలు పడతాయి. ఎన్నైనా తియ్యొచ్చు అన్న రోజు నుంచీ, ఏది తియ్యాలి అని అడగడం మానేశాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ ఆదివారం గురించి చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలి, బీరువాలోకి నీళ్ళు దిగి, మా ఆల్బం పేజీకి పేజీ అతుక్కుపోయింది. గాలి వెలిశాక, కరెంటు లేని ఇంట్లో పేజీలు విడదీస్తూ నేను వెతికింది నా క్లోజప్పుల కోసం కాదు. రోలు ముందు కూర్చుని పసుపు కొడుతున్న మామ్మ ఫోటో కోసం. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ పేజీ ముద్దయిపోయింది. నెల తర్వాత విజయనగరంలో మా పిన్ని దగ్గర దాని ఇంకో కాపీ దొరికింది. ఆ రోజు ఆ కాగితం ముక్క నాకు బంగారం.

ఇక మా అక్క కూతురి పెళ్ళి ఆల్బం సంగతి చెప్తాను. రెండేళ్ళ క్రితం గాజువాకలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఆడపిల్లవారి వైపు ఫోటోల ఖర్చే రెండు లక్షల నలభై వేలు. ఆల్బం మొయ్యడానికి రెండు చేతులూ కావాలి. ఒకరోజు మధ్యాహ్నం అక్కా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. అరవై షీట్లలో నలభై రెండు పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మాత్రమే. అక్క, అంటే పిల్లని కన్న తల్లి, మూడు చోట్ల ఉంది. ఒకదాంట్లో సగం మొహం, ఒకదాంట్లో వంగి కాళ్ళు కడగడానికి నీళ్ళు పోస్తోంది. అక్క అత్తగారు, ఎనభై రెండేళ్ళ మనిషి, ఎక్కడా లేరు. కొట్టు గది తాళాలు కొంగుకి కట్టుకుని మూడు రోజులు కాలు కింద పెట్టని మా పెద్దమ్మా లేదు. డ్రోను తీసిన ఫంక్షన్ హాలు పైకప్పు మాత్రం రెండు పేజీల నిండా ఉంది.

ఆ రోజు స్టేజీ మీద నేను మనుషుల్ని కూడా లెక్కపెట్టాను. ఆడపిల్లవారి టీము ఒకటి, మగపిల్లవారి టీము ఒకటి. ఒక్కో వైపు మామూలు ఫోటోలకి ఒకరు, క్యాండిడ్‌కి ఒకరు, వీడియోకి ఒకరు, లైట్లు పట్టుకునేవాళ్ళు, తీగలు లాగేవాళ్ళు. ముహూర్తానికి స్టేజీ మీద కెమెరావాళ్ళే తొమ్మండుగురు. కన్యాదానం చేస్తున్న అక్కా బావా ఎక్కడున్నారో కింద కూర్చున్నవాళ్ళకి తెలీలేదు. పక్కన పెద్ద ఎల్ఈడీ తెర పెట్టారు, అందులో చూసుకోండి అన్నారు. ముందు వరసలో కూర్చున్న అక్క అత్తగారు నా చెయ్యి లాగి, "ఏటమ్మా, పెళ్ళి ఇక్కడవతందా, ఆ టీవీలో అవతందా?" అని అడిగారు. నాకు నవ్వూ వచ్చింది, కడుపులో దేవినట్టూ అయ్యింది. ఊళ్ళు దాటి, సెలవులు పెట్టుకుని, పెళ్ళికని వచ్చి టీవీ చూసి భోంచేసి వెళ్తున్నాం.

తాళి కట్టేటప్పుడు "సార్, ఒక్క సెకను, ఆ రెండో ముడి మళ్ళీ వెయ్యండి, అడ్డం వచ్చింది" అన్నాడొకడు. పురోహితుడు మంత్రం ఆపి అతని వైపు చూశారు. మేళగాళ్ళు వాయించాలా ఆపాలా తెలీక తడబడ్డారు. మూడు ముళ్ళలో ఒకటి దేవుడి పేరిట, ఒకటి పెద్దల పేరిట అంటూ ఏవో చెప్తాం గానీ, ఆ పిల్లకి పడిన నాలుగో ముడి అచ్చంగా కెమెరా పేరిట.

అన్నిటికన్నా పెద్దది అప్పగింతలప్పుడు. పాలగిన్నెలో చేతులు ముంచి అప్పగిస్తుంటే అక్కకి ఆపుకోలేని దుఃఖం వచ్చింది. కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. అంతలో "ఆంటీ, ఇంకోసారి హగ్ చెయ్యండి, ఫోకస్ మిస్ అయ్యింది" అని వినిపించింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, చాలా మెల్లిగా, "బాబూ, అది ఒక్కసారే వస్తుంది" అంది. అంతే. మళ్ళీ ఏడవలేదు. ఇంటికెళ్ళేదాకా ఏడవలేదు. ఆ మాట తర్వాత నాకు ఆ పందిట్లో నిలబడబుద్ధి కాలేదు.

పెళ్ళయిన మూడు నెలలకి పిల్ల పండక్కి వచ్చినప్పుడు, ముహూర్తం వేళ ఏమనిపించిందే అని అడిగాను. "పిన్నీ, నిజం చెప్పనా? నాకు జీలకర్ర బెల్లం గుర్తే లేదు. లైటు కళ్ళలో పడటం గుర్తుంది. తర్వాత వీడియోలో చూసుకున్నాను" అంది. జ్ఞాపకం కోసం కదా రెండు లక్షల నలభై వేలు పోశాం. ఆ డబ్బుతోనే జ్ఞాపకాన్ని చెరిపించుకున్నాం.

ఇప్పుడు అవతలి పక్షం కూడా చెప్తాను, లేకపోతే పాపం తగులుతుంది. ఆ కుర్రాళ్ళు పొద్దున్న మంగళస్నానాల దగ్గర నుంచి మర్నాడు అప్పగింతల దాకా నిలబడే ఉంటారు. భోజనానికి పిలిచే దిక్కు ఉండదు. ఆఖరి పంక్తిలో చల్లారిన అన్నం. ఎవరు మేనమామో, ఎవరు బాబాయో వాళ్ళకి ఎవరూ చెప్పరు. తీరా ఆల్బం వచ్చాక "మా వదిన ఫోటో ఏది, మా బావగారి ఫోటో ఏది" అని దులిపేస్తాం. ఒక్క ఫోటో పోతే డబ్బులు ఆపేస్తామని బెదిరిస్తాం. ఆ భయానికే వాడు స్టేజీ ఎక్కి నెత్తిన కూర్చుంటాడు, ఆ భయానికే ముడి మళ్ళీ వేయిస్తాడు. అందుకే అంటున్నాను, తప్పు వాడి కెమెరాలో లేదు. వాడి చేతికి మనం ఇవ్వని కాగితంలో ఉంది.

"జీవితంలో ఒక్కసారే కదా, పోనిద్దూ" అంటారు. ఒక్కసారే గనకే పోనివ్వకూడదు. రెండుసార్లు జరిగేదైతే ఒకటి కెమెరాకి ఇచ్చేసి ఒకటి మనం ఉంచుకునేవాళ్ళం. "పిల్లల సరదా, మనమెందుకు అడ్డు" అంటారు. ఏ పిల్లల సరదా? కడుపులో పచ్చి మంచినీళ్ళు లేకుండా, పది కేజీల చీరా నగలతో, "మేడమ్, ఇంకొక్క రౌండ్ తిరగండి" అంటే తిరిగే పిల్లని పక్కకి పిలిచి అడగండి. "వాళ్ళకి అనుభవం ఉంది, మనకేం తెలుసు" అంటారు. వాళ్ళకి వెలుతురు తెలుసు, లెన్సు తెలుసు. మన ఇంట్లో ఎవరు ఎవరికి ప్రాణమో వాళ్ళకెలా తెలుస్తుంది? అది తెలిసింది మనకే.

ఫోటో తీసేవాడు ఆడవాళ్ళ మాట కోసం ఆగిన రోజులు మనకి లేకపోలేదు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఆంగ్లేయ మహిళ. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ కంట పడకుండా వచ్చి తమకి నచ్చినట్టు ఫోటో తీయించుకుని వెళ్ళేవారు. పరదా మళ్ళీ రావాలని నేననను, ఎవరూ అనరు. కానీ వందేళ్ళకి పైబడిన ఆ రోజుల్లోనే ఒక ఫోటోగ్రాఫర్‌కి, కెమెరా ముందు ఆడమనిషికి ఏది ఇబ్బందో కనుక్కోవాలని తోచింది. ఇప్పుడు పెళ్ళికూతురి గది తలుపు కొట్టకుండా తోసుకొచ్చి, జాకెట్టు హుక్కులు పెట్టుకునేటప్పుడు "గెటింగ్ రెడీ షాట్" అంటున్నారు. దానికి మనం పక్కకి జరిగి చోటిస్తున్నాం.

సరే, ఏం చెయ్యాలి? పెళ్ళికి కనీసం నెల ముందు ఒక సాయంత్రం ఫోటోగ్రాఫర్‌ని ఇంటికి పిలవండి. కాఫీ ఇవ్వండి. పెళ్ళికూతురు, తల్లి, వీలైతే వియ్యపురాలు, అందరూ కూర్చోండి. పురోహితుడిని కూడా పిలవండి, కనీసం ఫోనులోనైనా పదినిమిషాలు కలపండి. వాళ్ళిద్దరూ పెళ్ళిరోజు వరకూ ఒకరినొకరు ఎరగకపోవడమే సగం తగాదాలకి మూలం. ఏ తంతు ఎప్పుడు, ఎంతసేపు, ఎవరు ఏ పక్క కూర్చుంటారు, తెర ఎటు నుంచి తీస్తారు, తాళి కట్టేటప్పుడు ఆడపడుచు ఎటు నిలబడుతుంది అని ఆయన చెప్తే, కెమెరా ఎక్కడ నిలబెట్టుకోవాలో ఇతను ముందే ఆలోచించుకుంటాడు. అప్పుడు మళ్ళీ ముడి వెయ్యమనే అవసరం రాదు.

మొదటి షరతు: జీలకర్ర బెల్లం దగ్గర నుంచి మూడో ముడి పడేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. చూడమని, నవ్వమని, ఆగమని ఒక్క మాట ఉండకూడదు. దొరికినంత తియ్యండి, దొరకనిది వదిలెయ్యండి అని చెప్పండి. దొరకని ఫోటోకి డబ్బు కొయ్యమని కూడా చెప్పండి, వాడి భయం పోతుంది. రెండో షరతు: ఆ కాసేపూ స్టేజీ మీద ఫోటోకి ఇద్దరు, వీడియోకి ఒకరు. అంతకు మించి వద్దు. జనం కూర్చున్న వైపు ఎవరూ అడ్డంగా నిలబడకూడదు. ఇది కుదరాలంటే రెండు వైపులా రెండు టీములు ఉండకూడదు. వియ్యంకులతో మాట్లాడి ఒకే టీము పెట్టుకుని ఖర్చు చెరిసగం పంచుకోండి. కట్నకానుకల దగ్గర గంటలు గంటలు మాట్లాడుకున్నవాళ్ళు ఇది మాట్లాడుకోలేరా?

తర్వాత మనుషుల జాబితా. ఇది మగవాళ్ళ చేతిలో పెట్టకండి, ముందు ఆఫీసరు గారి పేరు రాస్తారు. మనం రాయాలి. ముసలివాళ్ళతో మొదలుపెట్టండి. తాతమ్మ, మామ్మ, అమ్మమ్మ. ఆ తర్వాత పని చేసేవాళ్ళు. కొట్టు గదిలో ఉన్న పెద్దమ్మ, పసుపు కొట్టిన ముత్తైదువలు, పిల్లకి చిన్నప్పటి నుంచీ జడ వేసిన పక్కింటి పిన్నిగారు, ఇంట్లో పనిచేసే మనిషి. వీళ్ళెవరూ పిలిస్తే స్టేజీ ఎక్కరు, "ఇప్పుడు కాదులేమ్మా, పనుంది" అంటారు. కెమెరానే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. మన వైపు నుంచి అందరినీ ఎరిగిన ఒక చలాకీ పిల్లనో పిల్లాడినో ఫోటోగ్రాఫర్ పక్కన ఉంచండి, "ఈవిడే మా మామ్మ" అని చూపించడానికి. ఆ జాబితా చివర పెళ్ళికూతురి తల్లి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. ఆవిడ తనంతట తాను ఏ ఫోటోలోకీ రాదు.

రిసెప్షన్ లెక్క ఒకటి చూడండి. మూడు వందల కుటుంబాలు వరసలో వచ్చాయనుకుందాం. ఒక్కొక్కరికి అరనిమిషం అయినా 150 నిమిషాలు, రెండున్నర గంటలు. అంతసేపూ ఆ పిల్ల నిలబడే ఉండాలి, ప్రతి అరనిమిషానికీ కొత్తగా నవ్వాలి. దీనికన్నా ఇనుము కరిగించడం తేలిక. అతి దగ్గరివాళ్ళవి ఇరవై గ్రూపులు ముందే రాసిపెట్టుకుని, ఒక్కోదానికి రెండు నిమిషాలిచ్చి, నలభై నిమిషాల్లో ముగించండి. మిగిలినవాళ్ళ దగ్గరికి పెళ్ళివాళ్ళిద్దరూ దిగి వెళ్ళి పలకరిస్తే మర్యాదకి మర్యాద, ఫోటోకి ఫోటో.

రంగు మాట కూడా ముందే చెప్పాలి. మన పిల్లలు చామనఛాయ, నలుపు. సముద్రపు గాలికి, ఎండకి పెరిగినవాళ్ళు. ఆల్బం వచ్చేసరికి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, చేతులు మాత్రం వాటి రంగులో ఉంటాయి. "కొంచెం బ్రైట్ చేశాం మేడమ్" అంటారు. ఎవరు చెయ్యమన్నారు? కన్నతల్లి రంగుని కూతురి మొహం మీద నుంచి తుడిచెయ్యడానికి డబ్బులిస్తున్నామా? మా పిల్ల రంగు ముట్టుకోవద్దు అని కాగితం మీద రాయించండి.

కాగితం అన్నాను కదా. ఫోటో బేరం గొడవలు మనకి కొత్త కాదు. బి.ఏ.లో మేం చదువుకున్న కన్యాశుల్కం మొదటి రంగంలోనే గిరీశం దగ్గరికి ఫోటో బాకీ అడగడానికి మనిషి వస్తాడు. ఇప్పుడు ఎగవేత రెండు వైపుల నుంచీ ఉంది. మిగిలిన డబ్బు మనం ఇవ్వం, ఆల్బం వాళ్ళివ్వరు. ఎన్ని ఫోటోలు, ఎన్ని షీట్లు, ఏ తేదీకి, వచ్చేది ఎవరు, అతనికి జ్వరమొస్తే బదులు ఎవరు, దిద్దని అసలు ఫోటోలన్నీ హార్డ్ డిస్కులో ఇస్తారా లేదా, అన్నీ రాసుకోండి. ఒక సంగతి చాలామందికి తెలీదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి మనం తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే, దానికి విరుద్ధంగా ఒప్పందం ఏదీ లేకపోతే. ఆ చివరి మాట జాగ్రత్త. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "మా ప్రచారానికి వాడుకుంటాం" అని ఉంటే, సంతకం పెట్టేముందు కొట్టేయించండి. లేకపోతే మీ పిల్ల అప్పగింతల ఏడుపు పాటతో సహా ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది. పెళ్ళికొచ్చిన చిన్నపిల్లల ఫోటోలూ అంతే.

డ్రోను మాట వస్తే, మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. ఐఎన్ఎస్ డేగా విమానక్షేత్రం, నేవీ ప్రాంతాలు, పోర్టు, అన్నీ ఇక్కడే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్లో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. "ఏం కాదు మేడమ్, ఐదు నిమిషాలు" అంటే వినకండి. అనుమతి కాగితం చూపించమనండి. ఎలాగూ ఆ ఫోటోలో కనిపించేది షామియానా పైభాగమే.

ఇంకొకటి చెప్తే నవ్వుతారు. ప్రీ వెడ్డింగ్ అని పిల్లల్ని రుషికొండకో యారాడకో తీసుకెళ్ళి, సముద్రంలో సూర్యాస్తమయం ముందు నిలబెట్టి తీసిన ఫోటోలు చూశాను. మన సముద్రం తూర్పున ఉంది తల్లీ! విశాఖలో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. ఆ అస్తమయం కంప్యూటర్లో అతికించింది. పుట్టి పెరిగిన ఊరి సూర్యుణ్ణి కూడా దిక్కు మార్చేసి గోడకి తగిలించుకుంటున్నాం. పిల్లలకి సరదా ఉంటే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఆర్కే బీచికి వెళ్ళమనండి, అసలైన వెలుతురు అక్కడుంది. బరువు చీరలతో రాళ్ళ మీదికీ, అలల్లోకీ మాత్రం పంపకండి. ఈ తీరంలో అల ఎప్పుడు లాగేస్తుందో ఈతొచ్చినవాళ్ళే చెప్పలేరు.

ఆఖరిది, దాచుకోవడం. హార్డ్ డిస్కు ఒక్కటే ఉంటే లేనట్టే లెక్క. రెండు కాపీలు చేసి ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో ఉంచండి, రెండూ వేరే ఊళ్ళలో ఉంటే మరీ మంచిది. ఒక యాభై ఫోటోలు కాగితం మీద కడిగించి దగ్గరి బంధువులకి తలా నాలుగు పంచండి. తుపాను అన్ని ఇళ్ళకీ ఒకేసారి రాదు. మా పిన్ని బీరువా నాకు నేర్పిన పాఠం ఇది.

సింహాచలం అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయ నాడు చూస్తాం. మిగిలిన రోజులన్నీ చందనం కింద ఉంటాడు. గంటలు గంటలు వరసలో నిలబడి వెళ్తే, కళ్ళ ముందు ఉండేది కొన్ని క్షణాలు. అక్కడ ఎవరూ "స్వామీ, ఇటు చూడు" అనరు. మనమే చూస్తాం, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తాం, ఆ చూసింది ఏడాదంతా మోసుకుంటాం. జీవితంలో కొన్ని చూపులు అలా కళ్ళకే వదలాలి. మిగిలిన పద్ధెనిమిది గంటల పెళ్ళిలో కెమెరాకి కావలసినంత చోటుంది.

మాఘంలోనో వైశాఖంలోనో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళు ఈ వారమే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫోటోగ్రాఫర్‌ని పిలవకముందే, మగవాళ్ళు రేటు తేల్చకముందే, తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చుని రెండు వరసలు రాయండి. ఒక వైపు ఎవరు తప్పకుండా ఉండాలి. రెండో వైపు ఎప్పుడు కెమెరా నోరు మూసుకోవాలి. ఆ కాగితం జిరాక్సు తీసి ఫోటోగ్రాఫర్‌కి ఒకటి, పురోహితుడికి ఒకటి, వియ్యపురాలికి ఒకటి ఇవ్వండి. ఆ కుర్రాళ్ళకి ముహూర్తానికి ముందే మొదటి పంక్తిలో విస్తరి వేయించండి. కడుపు నిండినవాడు మన మాట వింటాడు.